దుబాసీ, అనువాదకుడు, ప్రచురణకర్త: లినక్స్ ఆటల్లో ‘నేటివ్’ భావన - విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
లినక్స్ వాడుకరులకూ ఆటల ప్రచురణసంస్థలకూ మధ్య పాతికేళ్ళుగా నడుస్తున్న వివాదానికి కేంద్రం ‘నేటివ్ విడుదల’. లినక్స్ కోసమే సిద్ధంచేసిన ప్రతి కావాలన్నది వాడుకరుల కోరిక. కొనేవారి సంఖ్య చాలదన్నది సంస్థల సమాధానం. 2018లో వచ్చిన ప్రోటాన్ ఈ వివాద స్వరూపాన్నే మార్చివేసింది. నేటివ్ అనే గుణం ఫైలు రూపంలో లేదనీ, ఆటను కాపాడే బాధ్యతా అధికారమూ ఎవరి చేతిలో ఉన్నాయన్న దానిలో ఉందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: లినక్స్, నేటివ్ విడుదల, ప్రోటాన్, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్, అనువాదం, తెలుగు స్థానికీకరణ.

1. ఉపోద్ఘాతం:
హైదరాబాదు తూర్పుభాగాన ఉప్పల్, నాచారం, జవహర్‌నగర్ ప్రాంతాల ఇంజనీరింగు విద్యార్థికి లినక్స్ కొత్త కాదు. అది ప్రయోగశాలలో నేర్చే విషయమే. అయినా ఇంటి కంప్యూటరులో ఆటల కోసం విండోస్‌ను అట్టిపెట్టుకోవడం పరిపాటి. 2005లో ఏర్పడిన ‘స్వేచ్ఛ’ సంస్థ తెలుగులో పనిచేసే లినక్స్ వ్యవస్థను రూపొందించి విద్యార్థుల్లో ప్రచారం చేసింది. చదువుకూ పనికీ సంబంధించిన ఆటంకాలు చాలావరకు తొలగినా, ఆట దగ్గర వాడుకరి వెనుదిరుగుతున్నాడు. 2025 అక్టోబరు 14న విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11కు అర్హతలేని కంప్యూటర్లు గలవారికి లినక్స్ నిజమైన ప్రత్యామ్నాయం. కనుక ఈ ప్రశ్నను వినోదానికే పరిమితమైనదిగా భావించలేం.

2. అనువాదకుడి పద్ధతి:
ఒక ఆటను లినక్స్‌కు తేవడానికి రెండు మార్గాలున్నాయి. మొదటిది అనువాదం. కవిత్రయం భారతాన్ని తెలుగు చేసినప్పుడు తెలుగు ఛందస్సులో, తెలుగు నుడికారంలో దాన్ని నిలబెట్టారు. అలాగే పోర్టింగ్ చేసేవారు ఆట మూలసంకేతాన్ని తీసుకొని లినక్స్ పద్ధతులకు అనుగుణంగా తిరిగి కూర్చుతారు. 1998లో అమెరికాలో ప్రారంభమైన లోకీ సాఫ్ట్‌వేర్ దీన్నే వ్యాపారంగా చేపట్టింది. ‘సివిలైజేషన్: కాల్ టు పవర్’ దాని తొలి విడుదల. అమ్మకాలు నిలబెట్టలేక 2002 జనవరిలో ఆ సంస్థ మూతపడింది.

లోకీ చరిత్రను కేవలం వైఫల్యగాథగా చెప్పడం సరికాదు. ఆ సంస్థలో పనిచేసిన శామ్ లాంటింగా రూపొందించిన ఎస్.డి.ఎల్. గ్రంథాలయాన్ని నేటికీ ఆటల తయారీలో విస్తృతంగా వాడుతున్నారు. అమ్మిన సరుకు పాతబడినా, పంచుకున్న పనిముట్టు మిగిలింది. ఈ తేడా ముందు చర్చకు ఆధారం.

3. దుబాసీ పద్ధతి:
రెండవది దుబాసీ మార్గం. కుంపిణీ కాలపు దుబాసీ ఇరుపక్షాల మధ్య నిలిచి మాటమాటకూ అర్థం చెప్పేవాడు. 1993లో మొదలైన వైన్ చేసేది ఇదే. ఆట విండోస్‌ను ఉద్దేశించి అడిగిన ప్రతి కోరికనూ లినక్స్ తీర్చగల రూపంలోకి మారుస్తుంది. వైన్ ఆధారంగా వాల్వ్ సంస్థ 2018 ఆగస్టులో ప్రోటాన్‌ను విడుదల చేసింది. 2022 ఫిబ్రవరిలో వచ్చిన స్టీమ్ డెక్ అనే చేతి యంత్రం దానిపైనే ఆధారపడింది. స్టీమ్ సర్వేలో లినక్స్ వాటా 2025 అక్టోబరులో తొలిసారి 3 శాతం దాటింది.

స్వచ్ఛతావాదులు దీన్ని అరువు సరుకుగా చూస్తారు. అయితే నేటివ్ ప్రతిని విడుదల చేసి వదిలేస్తే, కింది గ్రంథాలయాలు మారినకొద్దీ అది పనిచేయకుండా పోతుంది. అదే ఆట విండోస్ ప్రతి ప్రోటాన్ ద్వారా సాఫీగా నడిచిన సందర్భాలున్నాయి. ఆలనాపాలనా లేని అనువాదం కంటే నిత్యం మెరుగుపడే దుబాసీ మేలన్న వాదనలో బలముంది.

4. అనుమతి ప్రశ్న:
కానీ దుబాసీ ఎంత నేర్పరి అయినా, ఇంటి యజమాని తలుపు మూస్తే చేయగలిగింది లేదు. ‘రాకెట్ లీగ్’ లినక్స్ ప్రతిని అమ్మిన సంస్థ 2020 మార్చిలో దానికి ఆన్‌లైన్ సదుపాయాన్ని నిలిపివేసి, కొన్నవారికి డబ్బు వాపసు ఇస్తామన్నది. నేటివ్ విడుదల కూడా శాశ్వతమైన హామీ కాదని దీనివల్ల తెలుస్తుంది. 2024 అక్టోబరు 31న ‘ఏపెక్స్ లెజెండ్స్’ మోసాల నిరోధాన్ని కారణంగా చూపి లినక్స్ వాడుకరులకు ప్రవేశాన్ని నిరాకరించింది. అంతవరకు ఆ ఆట ప్రోటాన్ ద్వారా నడుస్తూనే ఉంది. ఇక్కడ అడ్డుపడింది సాంకేతిక అసాధ్యత కాదు, ప్రచురణకర్త నిర్ణయం.

సంస్థల వాదననూ న్యాయంగా చూడాలి. అనేక లినక్స్ పంపిణీలలో ఆటను పరీక్షించడం ఖర్చుతో కూడినది. మోసగాళ్ళ బెడద తోటి ఆటగాళ్ళకూ నష్టమే. అందువల్ల ప్రతి సంస్థా నేటివ్ ప్రతి ఇచ్చితీరాలనడం న్యాయం కాదు. అయితే కొత్తగా ఇవ్వకపోవడం వేరు, అమ్మినదాన్ని వెనక్కి తీసుకోవడం వేరు. విమర్శ ఈ రెండింటినీ కలపరాదు.

5. మూలసంకేతం - తెలుగు:
లోకీ విక్రయించిన ‘క్వేక్ 3 ఎరీనా’ మూలసంకేతాన్ని ఐడి సాఫ్ట్‌వేర్ 2005లో బహిరంగపరచింది. దానిపై నిర్మితమైన ఐఓక్వేక్3 ఈనాటి లినక్స్‌లోనూ నడుస్తుంది. లోకీ తెచ్చిన ‘కాల్ టు పవర్’ ప్రతికి ఆ అవకాశం దక్కలేదు. రెండూ నేటివ్ విడుదలలే. ఒకదాన్ని వాడుకరులు కాపాడుకోగలిగారు, రెండవదాన్ని కాపాడుకొనే హక్కు వారికి లేదు.

ఈ సూత్రం తెలుగుకూ వర్తిస్తుంది. స్టీమ్ అందించే భాషల జాబితాలో తెలుగు లేదు. కోట్లమంది మాట్లాడే భాష కూడా కొనుగోలు లెక్కల్లో లినక్స్ లాగానే అల్పసంఖ్యగా మిగిలింది. గ్నోమ్ ఆటలకు మాత్రం స్వచ్ఛంద కార్యకర్తలు తెలుగు అనువాదాలు చేర్చగలిగారు. అక్కడ ఎవరి అనుమతికీ ఎదురుచూడవలసిన అవసరం రాలేదు. ఆ ఆటలు చిన్నవే కావచ్చు, కాని వాటిలో మన భాషకు చోటు మనమే కల్పించుకోగలిగాం.

6. ముగింపు:
పై పరిశీలనవల్ల ‘నేటివ్’ అనే మాటకు మరో అర్థం ఏర్పడుతుంది. ఏ వ్యవస్థ కోసం కూర్చారన్నదానికంటే, దాన్ని బాగుచేసే అధికారం ఎవరికుందన్నది ముఖ్యం. కనుక లినక్స్ వాడుకరులు ప్రచురణసంస్థల నుంచి కోరదగినవి మూడు: నడుస్తున్న ఆటను తగిన కారణం లేకుండా అడ్డుకోరాదు, అమ్మిన ప్రతిని ఉపసంహరిస్తే పరిహారం చెల్లించాలి, మద్దతు విరమించుకున్న ఆట మూలసంకేతాన్ని బహిరంగపరచాలి. ప్రోటాన్ మొదటిదాన్ని సులభం చేసింది. మిగిలిన రెండూ సాంకేతికత తీర్చగలిగేవి కావు. అవి హక్కుల చర్చకు చెందినవి. తెలుగు స్థానికీకరణపై పరిశోధన చేసేవారు అనువాద నాణ్యతతోపాటు ఈ హక్కుల పార్శ్వాన్నీ పరిశీలించడం అవసరం.