మ్యాన్ పేజీ మర్యాద

యూనిక్స్ తొలి మాన్యువల్ మీద ఉన్న తేదీ 1971 నవంబర్ 3. న్యూజెర్సీలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ రాసిన ఆ పుస్తకంలో ఒక్కో కమాండుకూ విడిగా పేజీ కేటాయించారు. అన్ని పేజీలూ ఒకే అచ్చులో ఉంటాయి: పేరు, వాడే తీరు, వివరణ, అది తాకే ఫైళ్లు, ఇచ్చే ఎర్రర్లు, చివర్లో బగ్స్, అంటే తెలిసిన లోపాలు. ఆ కింద ఓనరెవరో కూడా రాశారు. ఇప్పటికీ లినక్స్ టెర్మినల్‌లో మ్యాన్ అని, పక్కన కమాండు పేరు కొడితే వచ్చే పేజీ ఇంచుమించు ఇదే. ఇన్నేళ్లకు ఆ పేజీకి కొత్త పాఠకుడొచ్చాడు, ఏఐ ఏజెంట్. మనం చెప్పిన పనిని విడగొట్టుకుని, ఏ టూల్ వాడాలో తానే ఎంచుకుని, వచ్చిన ఫలితాన్ని చదివి తర్వాతి అడుగు వేసే ప్రోగ్రాం ఇది.

హైదరాబాద్‌లో ఏ ఆఫీసులో చూసినా కొత్తగా చేరిన కుర్రాడు డాక్యుమెంటు సగం చదివి, మిగతాది పక్క సీటు అన్నని అడిగి తెలుసుకుంటాడు. "ఆ ఫ్లాగ్ జోలికి పోకు" అని అన్న చెప్పేది ఎక్కడా రాసి ఉండదు. ఏజెంటుకు పక్క సీటు లేదు. రాయకుండా వదిలేసిన చోటల్లా ఊహతో పూరిస్తుంది, అదీ ఏమాత్రం తడబడకుండా.

ఫైళ్లలో మాటలు వెతికే గ్రెప్ సంగతే చూడండి. వెతికిన మాట దొరికితే 0, దొరక్కపోతే 1, అసలు ఎర్రరే వస్తే 2 అని ఎగ్జిట్ స్టేటస్ ఇస్తుంది. సున్నా కానిదల్లా వైఫల్యమేననుకునే ఏజెంటు 1 చూడగానే కమాండు పాడైందనుకుని మార్చి మార్చి కొడుతుంది. 'ఆ మాట ఫైల్లో లేదు' అన్న సమాధానం అప్పటికే దాని చేతిలో ఉంది. మ్యాన్ పేజీలో ఎగ్జిట్ స్టేటస్ గురించి రెండు లైన్లుంటే ఈ తిరుగుడంతా తప్పుతుంది.

ఫైళ్లను ఒకచోటి నుంచి మరోచోటికి కాపీ చేసే ఆర్‌సింక్‌లో ప్రమాదం ఇంకా సూక్ష్మం. మూల ఫోల్డరు పేరు చివర స్లాష్ పెడితే లోపలి ఫైళ్లు మాత్రమే వెళ్తాయి, పెట్టకపోతే ఫోల్డరే వెళ్లి అవతల కూర్చుంటుంది. దీనికి డిలీట్ ఆప్షన్ తోడైందా, స్లాష్ పెట్టిన పాపానికి గమ్యంలో అంతకుముందున్న, మూలంలో లేని ఫైళ్లన్నీ పోతాయి. ఆర్‌సింక్ పేజీ ఈ స్లాష్ తేడాను ఉదాహరణలిచ్చి మరీ చెబుతుంది. ఏమీ మార్చకుండా ఏం జరగబోతోందో చూపించే డ్రై రన్ కూడా ఇచ్చింది. చెరిపే శక్తి ఉన్న ప్రతి టూల్‌కూ అలాంటిదొకటి ఉండాలనీ, దాని ప్రస్తావన వివరణ పైభాగంలోనే రావాలనీ నా పట్టుదల.

ఏజెంట్లకు టూళ్లను అందించే పద్ధతిగా 2024 నవంబర్‌లో ఆంత్రోపిక్ విడుదల చేసిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌లో టూల్ అంటే ప్రధానంగా ఒక పేరు, ఒక వివరణ, ఇన్‌పుట్లు ఏ రూపంలో ఉండాలో చెప్పే స్కీమా. మ్యాన్ పేజీ మొదటి మూడు భాగాలే ఇవి! ఇది చదవడానికేనా, దేన్నైనా చెరుపుతుందా, రెండుసార్లు పిలిస్తే నష్టమా అన్న సూచనలు తర్వాత చేరాయి. అవి సూచనలే సుమా, పరిచయం లేని సర్వర్ చెప్పినంత మాత్రాన నమ్మకూడదు.

స్కీమా ఉంటే చాలనుకునేవాళ్లున్నారు. ఆర్డర్లను తెచ్చే టూల్ ఉందనుకోండి. తేదీ అనే ప్యారామీటరు స్ట్రింగ్ అని దాని స్కీమా చెబుతుంది, సరే. 03-04-2025 పంపితే? మనకది ఏప్రిల్ 3, అమెరికాలో మార్చి 4. ఎర్రర్ రాదు, తప్పు రోజు ఆర్డర్లు వస్తాయి. "ఆర్డర్లను తెస్తుంది" అని వదిలేయకుండా తేదీ ఏ వరసలో కావాలో, ఏ టైమ్ జోన్‌లో లెక్కిస్తారో, రద్దయినవి కలుస్తాయో లేదో, ఏమీ దొరక్కపోతే ఖాళీ జాబితా వస్తుందో ఎర్రర్ వస్తుందో రాయాలి. ఎర్రర్ సందేశమూ డాక్యుమెంటే. "చెల్లని ఇన్‌పుట్" అంటే ఏజెంటుకు దారి మూసేసినట్టే. "సంవత్సరం, నెల, రోజు వరసలో పంపండి" అంటే మరుసటి పిలుపులోనే సరిచేసుకుంటుంది.

అలాగని ఉన్నదంతా కుమ్మరించకూడదు. సాధారణంగా టూళ్ల వివరణలన్నీ మోడల్ కాంటెక్స్ట్‌లోకే వెళ్లి చోటు తింటాయి. ఒకేలా వినిపించే యాభై టూళ్లిస్తే తప్పుదాన్ని ఎంచుకోవడమూ పెరుగుతుంది. అందుకే 'ఒక్క కస్టమరు వివరాలకు ఇది కాదు, ఫలానాది వాడండి' అన్న వాక్యం పేజీడు వర్ణన కంటే విలువైనది.

ఇప్పుడు కంపెనీల డాక్యుమెంట్లలో దాదాపు మాయమైంది మాత్రం బగ్స్ భాగం. దాని స్థానంలోకి మార్కెటింగ్ వచ్చింది. అన్ని పీడీఎఫ్‌లూ చదువుతుందని రాసిన టూల్ స్కాన్ చేసిన కాగితాల ముందు ఖాళీ టెక్స్ట్ ఇస్తుంది. మనిషైతే స్క్రీన్ మీద పత్రం చూసి అనుమానిస్తాడు. ఆ టెక్స్టే ఆధారమైన ఏజెంటు పత్రంలో ఏమీ లేదని నివేదిక రాసేస్తుంది. "స్కాన్ చేసిన పేజీలను చదవదు" అన్న ఒక్క వాక్యం ఉంటే ఆ నివేదిక పుట్టదు.

రాసింది సరిపోయిందో లేదో తేల్చుకోవడానికి మంచి పద్ధతుంది. కోడ్ దాచేసి, వివరణ మాత్రమే ఇచ్చి, ఏజెంటుకు నిజమైన పని అప్పగించాలి. అది ఎక్కడ తప్పుతుందో చూసి అక్కడ వాక్యం దిద్దాలి. ఎంత దిద్దినా మళ్లీ అదే చోట తప్పుతుంటే, మార్చాల్సింది వాక్యం కాదు, ఆ టూల్‌నే. ఒక ఆప్షన్‌ను వివరించడానికి మూడు పేరాలు పడుతున్నాయంటే ఆ టూల్‌ను రెండుగా విడగొట్టడమే తేలిక.