బేగంపేట ఛాయాచిత్రము

1838లో వీట్‌స్టన్ లోకమున కెఱిఁగించిన స్టీరియోస్కోపు యంత్రమునకు, ఒకే దృశ్యమును కించిద్భేదముతోఁ జూపు పటములు రెండు వలయును. ఒక్క పటమున లోఁతు గోచరింపదు. 1949లో బేగంపేట విమానాశ్రయమున ఏడవ నిజాము సర్దారు పటేలునకుఁ జేతులు జోడించిన ఛాయాచిత్రము సుప్రసిద్ధమే కాని, అది యొంటికంటి చూపు. 1948 సెప్టెంబరునాఁటి సైనికచర్యకుఁ బిమ్మటఁ దీసినదగుటచేఁ బలువురు దానిని బరాజితుని ప్రణామముగనే వ్యాఖ్యానింతురు. ఇది తొందరపాటు. అతిథిమర్యాదకును శరణాగతికిని ముద్ర యొక్కటియే కదా! పైగా నా నిజామే 1950 మొదలు 1956 వఱకు రాజప్రముఖుఁడై యుండెను.

రెండవ చూపు గద్వాలనుండి చూడవలెను. నిజామునకుఁ బేష్కషు చెల్లించుచు వచ్చిన యా సంస్థానమును 1924 నుండి యేలిన మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ పాలన 1949లోనే ముగిసెను. వనపర్తికిని, నాగర్‌కర్నూలు సీమలోని జటప్రోలునకును నదే గతి. నిజామునకుఁ బదవి మిగిలెను. వీరి గద్దెలు మిగులలేదు. జాగీర్ల రద్దు రైతునకు మేలే, సందేహము లేదు. కాని తిరుపతి వేంకటకవులవంటి యవధానులను సత్కరించిన యాస్థానసభలును దానితోడనే యంతరించినవి. విద్వద్గద్వాలయని పేరుగన్న యా కోటకు సంభావనకై నడచివచ్చిన పండితునకు బేగంపేట పటమునఁ జోటు లేదు.