మితరేఖల చిత్రకథలు

అమెరికాలో 1962లో ఏబీసీ వారు ప్రారంభించిన 'ది జెట్‌సన్స్' అను కార్టూన్ కథామాలిక 24 భాగములతో ఒక్క ఏటిలోనే ముగిసిపోయినది. అయినను ఆ 24 భాగములే శనివారపు ఉదయములందు మరల మరల ప్రసారమగుచు ఇరువది సంవత్సరములకు పైగా బాలలను అలరించి, తుదకు 1985లో నూతన భాగములు నిర్మింపవలసినంతటి ఆదరము పొందినవి. అల్పాయుష్కమైన కృతికి పునఃప్రసారము ఇంతటి దీర్ఘాయువు నొసంగుటకు గల హేతువును ఆ చిత్రముల రచనావిధానమునందే వెదకవలెను.

1957లో ఎం.జి.ఎం. సంస్థ తన కార్టూన్ శాఖను మూసివేయగా, అంతవరకు అచ్చట టామ్ అండ్ జెర్రీ చిత్రములను నిర్మించి, పిదప ఈ 'జెట్‌సన్స్'ను సృజించిన విలియం హన్నా, జోసెఫ్ బార్బెరా టెలివిజన్ వారిచ్చు స్వల్పద్రవ్యముతోనే బొమ్మలు గీయింపవలసిన వారైరి. సెకనుకు 24 ఫ్రేములు సాగవలసియుండగా ఒక్కొక్క బొమ్మనే రెండు మూడు ఫ్రేములపాటు నిలిపి, దేహము నొక పారదర్శకమైన రేకుపైనను, శిరస్సును వేరొకదానిపైనను, నోటిని మరియొకదానిపైనను చిత్రించి, సంభాషణవేళ పెదవులను మాత్రమే మార్చుట వారి పద్ధతి. వారి కార్టూన్ పాత్రయైన యోగీ ఎలుగుబంటి మెడలోని కాలరు అలంకారార్థము కాదు. కదలు తల కదలని మొండెముతో కలియుచోట అతుకు కనబడకుండుటకై ఏర్పరచినది. పరుగెత్తు పాత్ర వెనుక అవే చెట్లు, అవే గుమ్మములు తిరిగి తిరిగి సాగిపోవును. పాత్ర గోడను ఢీకొనుటను గీయుటకు మారుగా తెర కావల చప్పుడు వినిపించి, దృశ్యమును కంపింపజేయుదురు. తోలుబొమ్మలాటలో ఒక్క చేయి ఆడుచుండగా తక్కిన దేహమునకు ప్రాణము పోయునది గాయకుని కంఠమే కదా. ఇచ్చటను కంఠమే ప్రధానము. దీనిని దారిద్ర్యమని నిందించినవారు పెక్కురు. నాకు మాత్రము ఇది శిల్పనైపుణ్యముగానే తోచును.

ఈ పొదుపునుండియే మరియొక గుణము జనించినది: నాలుగైదు రూపములనే మార్చుకొను పెదవులు ఏ భాషనైనను అవలీలగా పలుకగలవు.

ఆ గుణముయొక్క విలువ పశ్చిమ బెంగాల్‌లోని రైల్వే పట్టణమైన ఖరగ్‌పూర్ వంటి ఊరిలో బాగుగా తెలియును. బెంగాల్-నాగపూర్ రైల్వే కాలమున ఉత్తరాంధ్రమునుండి వలసవచ్చిన శ్రామికుల సంతతివారు గోల్‌బజార్, నింపురా, మథురాకాటీ ప్రాంతములందు నేటికిని తెలుగు మాటలాడుచున్నారు. అచ్చటి బాలునకు ఇంట తెలుగు, వీథిలో బంగ్లా, టీవీలో హిందీ. అమెరికా బాలునకు శనివారమెట్టిదో దూరదర్శన్ కాలమున వీనికి ఆదివార మట్టిది. జపాన్‌లో నిప్పన్ యానిమేషన్ వారు 1989లో 52 భాగములుగా నిర్మించిన 'జంగిల్ బుక్' 1993లో హిందీలోనికి వచ్చినపుడు, గుల్జార్ రచనకు విశాల్ భరద్వాజ్ కూర్చిన పాటయు, షేర్ ఖాన్‌కు నానా పాటేకర్ ఇచ్చిన గొంతుకయు ఆ బొమ్మలకు మన దేశపు నివాసము కల్పించినవి. జపాన్ బొమ్మ, ఆంగ్ల కథ, హిందీ కంఠము, తెలుగు శ్రోత: ఇంతటి సంగమమునకు ఆ మితరేఖలే చోటిచ్చినవి.

1995 మే 1న కార్టూన్ నెట్‌వర్క్ మన దేశమున ప్రారంభమైన పిదప హన్నా-బార్బెరా వారి పాత నిధి యంతయు కేబుల్ తీగవెంట వచ్చినది. అందు 1964-65లో 26 భాగములతో ఆగిపోయి, పిమ్మట శనివారములందు ఏండ్ల తరబడి పునఃప్రసారమైన 'జానీ క్వెస్ట్' ఒకటి. దానిలో జానీకి నెచ్చెలికాడు హాజీ అను అనాథ బాలుడు; వాని స్వస్థలము ఖరగ్‌పూర్‌కు కొలది గంటల దూరములోని కలకత్తా! ఆ బాలుని తలపాగాతో, మంత్రములతో చూపిన తీరు మన దేశమునెఱుగనివారి ఊహయే యని స్పష్టముగా చెప్పవలెను. అయినను వాడు జానీతో సమానుడై సాహసములందు పాల్గొనుట ఆనాటికి చిన్న విషయము కాదు.

2020 ఏప్రిలులో దేశమంతయు ఇండ్లలో బంధింపబడిన వేళ దూరదర్శన్ 'జంగిల్ బుక్'ను మరల ప్రసారము చేసినది, అదియు హిందీలోనే. ఆ ఏడాది డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వము తెలుగునకు అధికార భాషా ప్రతిపత్తి నిచ్చుటకు నిశ్చయించినది. ఇకముందు జరుగు పునఃప్రసారములందైనను ఇట్టి మాలికలను తెలుగు కంఠములతో వినిపింపవలెనని నా కోరిక. ఆ పెదవులు అందులకు ఎన్నడో సిద్ధముగానే ఉన్నవి.