సైకిలునకు దుబాసీ

పదకొండేండ్లుగా, వానకాలమైనను వేసవియైనను, వేకువ అయిదు గంటలకు యాప్రాలులోని మా ఇంటి వెనుక వసారాలో నేనొక కదలని సైకిలును త్రొక్కుచున్నాను. అంతకు పూర్వము కదలు సైకిలునే త్రొక్కెడివాడను. కౌకూరు వైపు చెట్ల నీడలు పట్టుకొని పోయి, బొల్లారమున రాష్ట్రపతి నిలయపు ప్రహరీ ప్రక్కగా మలుపు తిరిగి, అల్వాలు మీదుగా ఇల్లు చేరుట అప్పటి నా నిత్యవిధి. వీధికుక్కలును, చీకటి విడకమునుపే ఇసుక తోలు టిప్పరులును కలిసి నన్ను ఆ విధినుండి తప్పించి వసారాకు తరిమినవి. ఓడిపోయి వచ్చితిననుటకు నాకు సిగ్గు లేదు. అరువదేండ్ల పిక్కను చూచి మొరగు కుక్కకు తర్కము చెప్పి ఒప్పించినవాడెవడును లేడు.

ఆ సమయముననే మా వీధి చివర కాపురమున్న ఒక కర్నలుగారికి బదిలీ ఆజ్ఞ వచ్చినది. యాప్రాలులో ఇది నిత్యకృత్యము. దండు మనుష్యులు వచ్చుచుందురు, పోవుచుందురు, పోవునపుడు ఫ్రిజ్జులు, కూలరులు, పూలకుండీలు ఇరుగుపొరుగువారికి అగ్గువకు విడిచిపోవుదురు. నాకు దక్కినది సైకిలు వెనుక చక్రమునకు బిగించు ట్రైనరు. చక్రము ఒక ఉక్కు రోలరు మీద ఆని తిరుగుచుండగా, దాని ప్రక్కనున్న పెట్టెలోని విద్యుదయస్కాంతము పట్టు బిగించుచు సడలించుచు నుండును. కంప్యూటరు తెరమీది బాటలో ఎక్కుడు వచ్చినపుడు పెడలు బరువెక్కును, దిగుడు వచ్చినపుడు తేలికయగును. నా కాళ్లు పుట్టించు శక్తిని అది వాట్లలో చూపును. నా నిలుకడ సుమారు 110 వాట్లు. ఒక గుఱ్ఱపు శక్తి 746 వాట్లని బడిలో చదివినవాడను గనుక, ఏడుగురము నా వంటివారము చేరినగాని ఒక గుఱ్ఱము కాజాలమని ఆ తెర ప్రతి ఉదయమును నాకు వినయము నేర్పుచుండెడిది.

గడచిన వేసవిలో మా పెద్దమ్మాయి పుట్టింటికి వచ్చి, వసారాలోని కంప్యూటరును చూచి, "నాన్నా, ఇంత పాత సిస్టమా! దీంతోనే బ్యాంకు పనులు కూడా చేస్తున్నావా?" అని నోరు నొక్కుకొనెను. ఆమె మాట సత్యము. భద్రతా సవరణలు ఆగిపోయిన వ్యవస్థమీద బ్యాంకు వ్యవహారము నడపుట వీధి తలుపు తీసి నిదురించుటయే. ఆ రాత్రియే నా దస్త్రములన్నియు వేరొకచోట భద్రపరచి, పాతదానిని తుడిచి, క్రొత్త ఆపరేటింగ్ సిస్టమును ఎక్కించి, ఆమె మరునాడు రైలెక్కినది. ఆ వ్యవస్థ పేరు చెప్పి ఎవరినీ బోనెక్కించుట నా యుద్దేశము కాదు. తెర నిగనిగలాడినది, కంప్యూటరు తృటిలో మేలుకొనుచున్నది. సైకిలు మాత్రము మూగవోయినది. ట్రైనరు తీగను గ్రుచ్చగా పసుపుపచ్చని త్రికోణమొకటి ప్రత్యక్షమై, ఈ పరికరము ప్రారంభము కాజాలదు, మీకు అమ్మినవారిని సంప్రదింపుడని హితవు చెప్పినది. నాకు అమ్మిన కర్నలుగారు అప్పటికి ఏ హిమశిఖరముమీద కాపలా కాయుచుండిరో!

కంప్యూటరునకు చక్రము తెలియదు, అయస్కాంతము తెలియదు. ట్రైనరు పెట్టెకు తెర తెలియదు. ఈ ఉభయులకును నడుమ నిలిచి, అటు మాట ఇటును ఇటు మాట అటును చేరవేయు చిన్న కార్యక్రమమును డ్రైవరు అందురు. ఆ పదము వినినపుడెల్ల నాకు ఆర్టీసీ బస్సు మనస్సునకు వచ్చి అర్థము తప్పుచుండెను గాని, మన భాషలో దీనికి సరియైన మాట పూర్వమే యున్నది: దుబాసీ. రెండు బాసలు ఎరిగినవాడు. కల్నల్ కాలిన్ మెకంజీ ఊరూర కైఫియ్యత్తులు వ్రాయించి దక్షిణదేశ చరిత్రకు అంత పెద్ద భాండారము కూర్చెను గదా, ఆయనకు ఇక్కడి భాషలు రావు. ఆయన చెవియు నాలుకయు అయినవాడు ఏలూరి యువకుడు కావలి వెంకట బొఱ్ఱయ్య. ఆ బొఱ్ఱయ్య చిన్నవయస్సులోనే 1803లో కన్నుమూసెను. మెకంజీ పని ఆగిపోవలసినదే, ఆగలేదు. అన్న వెంట తిరిగి ఆ విద్యనెరిగిన తమ్ముడు లక్ష్మయ్య వెంటనే ఆ స్థానమున కూర్చుండెను. నా సైకిలు దుబాసీకి అట్టి తమ్ముడు లేకపోయెను.

సికిందర్ జా పేర 1806లో వెలసి, జనుల నోట లష్కరుగా నిలిచిన ఈ ఊరిలో పుట్టి పెరిగిన నాకు, దర్బారు మారినపుడు ముద్ర లేనివానిని కావలివాడు గడప దాటనీయడని ఎవరును చెప్పనక్కరలేదు. కంప్యూటరు దర్బారునను అదియే న్యాయము. ఆపరేటింగ్ సిస్టము గర్భగుడివరకు పోయి పని చేయవలసిన దుబాసీకి తయారీదారుని డిజిటల్ సంతకముండి తీరవలెనని 64 బిట్ల విండోస్ విస్టా కాలమునుండియు కట్టడి. అంతేగాక 32 బిట్ల కొలువున పని చేసిన దుబాసీ 64 బిట్ల కొలువునకు బొత్తిగా పనికిరాడు, వేరొకనిని నియమించుకొనవలసినదే. 32 బిట్లతో లెక్కించు యంత్రము 4 గిగాబైట్లకు మించిన జ్ఞాపకస్థలమును నేరుగా చేరలేదు గనుక పెద్ద సంఖ్యవైపు మరలుట యుక్తమే, నేను కాదనను. 2019 అక్టోబరులో ఆపిల్ వారు తమ కెటలీనా అను వ్యవస్థతో 32 బిట్ల కార్యక్రమములను పూర్తిగా నిలిపివేసిరి; 2021 అక్టోబరులో వచ్చిన విండోస్ 11కు 32 బిట్ల రూపమే లేదు. కొత్త ఇల్లు కట్టినవాడు పాత గుమ్మము కొలతలకు కట్టుబడి యుండడు. పాత మంచము లోనికి పోకపోయినచో ఆ బాధ మంచము గలవానిది.

నా కథలో ఇంకొక చిక్కు గలదు. ట్రైనరు తీగకు తొమ్మిది సూదుల పాతకాలపు సీరియల్ మూతి. నేటి కంప్యూటరునకు అది పట్టదు గనుక నడుమ నొక మార్పిడి కేబులు, దాని కడుపులో నొక చిన్న చిప్పు. ఆ చిప్పు అసలుది కాదట, పేరు గాంచిన చిప్పునకు నకలట! పాత వ్యవస్థలో పాత డ్రైవరు దాని పుట్టుపూర్వోత్తరములు అడుగక పని చేయించుకొన్నది. క్రొత్త డ్రైవరు కులగోత్రములు విచారించి పంక్తినుండి లేపినది. ఈ నకళ్లమీద కోపము పట్టలేక 2014లో ఎఫ్‌టీడీఐ అను చిప్పుల సంస్థ ఒక డ్రైవరును విడుదల చేయగా, అది నకలు చిప్పు కనబడిన ప్రతిచోట దాని గుర్తింపు సంఖ్యను సున్న చేసి పనికిరాకుండ చేసినది. దొంగసొమ్మని తెలియక కొన్నవారి గగ్గోలునకు ఆ డ్రైవరును వారే వెనుకకు తీసికొనిరి. నాకు ఆ పాటి శిక్ష పడలేదు. గడప దగ్గర ఆపి మర్యాదగా పొమ్మనిరి.

మా ప్రక్కింటి సుబేదారుగారిది పడమటి గోదావరి జిల్లా మాధవరము. ఇంటికొక సిపాయినిచ్చిన ఊరగుటచే మిలిటరీ మాధవరమని దానిని పిలుతురు. ఆయన సైన్యమున యంత్రములు బాగుచేయు ఈఎమ్ఈ దళమున పనిచేసి విశ్రాంతి గొనినవారు. పాడైన వస్తువును చూచిన ఆయన ముఖమున జాలికి బదులు ఆకలి కనబడును. వసారాకు వచ్చి తీగను చేతబట్టి, "మాస్టారూ, పెట్టె బాగానే ఉందండి. మధ్యలోవాడే పోయాడు" అనిరి. ఇద్దరమును ఆయన స్కూటరుమీద సికిందరాబాదు పార్క్‌లేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరునకు పోతిమి. అచ్చట ఒక కుర్రవాడు కేబులును చూడగనే, "ఏ చిప్పు కావాలి సార్? ఒరిజినలే ఇస్తా, రేటెక్కువ" అని మా పరువు కాపాడినాడు. ఒరిజినలు తెచ్చితిమి. పసుపుపచ్చని త్రికోణము మాయమైనది. సంతోషముతో ట్రైనరు సాఫ్ట్‌వేరు సీడీని పెట్టితిని. ఇది ఈ కంప్యూటరున నడువదని తెర ఒక్క వాక్యములో తేల్చివేసినది. సాఫ్ట్‌వేరు 32 బిట్లదే యైనను, దానిని ఇంటిలో దింపు ఇన్‌స్టాలరు 16 బిట్ల నాటిది. అట్టి వృద్ధులను 64 బిట్ల వ్యవస్థ లోనికి రానీయదు. పెండ్లికొడుకు యువకుడే, పల్లకి మోయు బోయీలు గుమ్మము దాటలేకపోయిరి. తయారుచేసిన కంపెనీకి రెండు జాబులు వ్రాసితిని. ఆ నమూనాను మేము మరచి చాలకాలమైనదని అర్థమిచ్చు మర్యాదాపూర్వక ప్రత్యుత్తరమొకటి వచ్చినది. రెండవదానికి అదియును లేదు.

ఈ దుఃఖము నా యొక్కనిదే కాదని తరువాత తెలిసికొంటిని. హాలండునకు చెందిన టాక్స్ వారి ఫోర్టియస్ అను ట్రైనరు ఇట్లే పాత కంప్యూటరులతో సహగమనము చేయవలసి వచ్చినపుడు, కొందరు ఔత్సాహికులు యూఎస్‌బీ తీగమీద ఆ పెట్టె పలుకు అంకెలను ఓపికతో విని, ఏ అంకెకు ఏ అర్థమో ఊహించి, సరిచూచి, ఫోర్టియస్‌యాంట్ అను దుబాసీని తామే సృష్టించి ఎల్లరకును ఉచితముగా ఇచ్చిరి. అమెరికాలో కంప్యూట్రైనరు అను సుప్రసిద్ధ యంత్రమును చేసిన రేసర్‌మేట్ సంస్థ 2017లో తయారీ మానుకొని, సాఫ్ట్‌వేరు మూలమును బహిరంగముగా విడిచినది. దుకాణము మూయువాడు తాళపుచెవిని గుమ్మమునకే వ్రేలాడదీసి పోయినట్టు! నాకు ఇందులో రెండవవారిమీద గౌరవము, మొదటివారిమీద అసూయ. తెలియని భాషను చాటునుండి విని నేర్చుకొనుటకంటె గొప్ప వ్యాకరణాభ్యాసము వేరొకటి కలదా? ఇప్పటి ట్రైనరులకు ఈ బెడద తగ్గినది. బ్లూటూత్ కూటమివారు 2017లో వ్యాయామ యంత్రములన్నిటికి ఒక ఉమ్మడి భాషను నిర్ణయించుటచే ప్రతి పెట్టెకును సొంత దుబాసీ అక్కరలేకపోయినది. నా పెట్టె ఆ కట్టడికి ముందు పుట్టినది.

యంత్రములేల, తాలింఖానా చాలదా అని మిత్రుడొకడు ఎత్తిపొడిచెను. చిన్ననాడు మా తాతగారి ఊరి తాలింఖానాను చూచితిని. ఎఱ్ఱమట్టి, సంగిడీలు, లోడీలు, మూలన ఆంజనేయుని పటము. బస్కీలు తీయువానికి తీగలు లేవు, సీడీలు లేవు. గుండెమీద ఏనుగును నిలుపుకొనిన వీరఘట్టపు కోడి రామమూర్తి నాయుడుగారి బలము ఎన్ని వాట్లో ఎవరును కొలువలేదు, ఆయనకు లోటును రాలేదు. మిత్రునితో ఏకీభవింపబోయి ఆగితిని. అచ్చటను గట్టుమీద కూర్చుండి, "నడుం వంగింది, అది లెక్కకు రాదు" అని కసరు ఉస్తాదు ఒకడుండెను. నూరు తీసితినని కుర్రవాడు తలచినచోట ఉస్తాదు నోట డెబ్బదియే. దేహము చెప్పుదానిని దేహము గలవానికి తెలియజెప్పుటకు అచ్చటను నడుమ నొకడు కావలసెను. ఆయన పోయినపిదప ఆయన లెక్క తెలిసిన శిష్యుడు లేక ఆ తాలింఖానా వడ్ల కొట్టుగా మారినది. అందుచే నా ట్రైనరునకు పట్టిన గతిని చూచి నవ్వు హక్కు తాలింఖానాకు లేదు.

ఒక నెల దినములు తెర లేకుండ త్రొక్కితిని. చెమట అదే పట్టినది, ఆయాసము అదే వచ్చినది. 110 వాట్లో 80 వాట్లో తెలియక, ఉస్తాదు లేని కుర్రవానివలె నడుము వంచి త్రొక్కుచున్నానను అనుమానము మాత్రము విడువలేదు. చివరకు సుబేదారుగారు తమ అటకమీది పాత ల్యాప్‌టాపును దింపి, పాత 32 బిట్ల వ్యవస్థను దానిలో నిలిపి, ఇంటర్నెట్టు సోకకుండ కట్టడి చేసి, మూతమీద ఎఱ్ఱ స్కెచ్చిపెన్నుతో "అప్‌డేట్ చేయరాదు" అని సైనికాజ్ఞ వ్రాసి తెచ్చియిచ్చిరి. బ్యాంకు పనులు క్రొత్తదానిలో, సైకిలు పాతదానిలో. అది నడుచుచున్నది. ఒక్కటే లోపము: లోపల గడియారమును నిలుపు బిళ్ల బ్యాటరీ చచ్చినది. తీగ ఊడదీసిన ప్రతిసారియు అది సంవత్సరములు వెనుకకు పోయి ఏదో ఒక జనవరి 1వ తేదీన మేలుకొనును. నా త్రొక్కుడంతయు ఆ ఒక్కనాటి పద్దుక్రిందనే వ్రాసికొనును. బ్యాటరీ మార్చెదనని సుబేదారుగారు స్క్రూడ్రైవరుతో రెండు పర్యాయములు వచ్చిరి. నేనే ఏదో వంక చెప్పి పంపితిని. అమ్ముగూడ వైపు మొదటి రైలు కూయు వేళకు వసారాలో దీపము వెలిగించి, సైకిలెక్కుటకు ముందు, కండ్లద్దములు సవరించుకొని, దానికి నేటి తేదీ నేనే చెప్పుచున్నాను.