వాకిట్లో సైంధవుడు

తెలుగు దినపత్రికల్లో సైంధవుడికి ఎప్పుడూ పనే. రోడ్డు వెడల్పు కాకుండా ఆపినవాడూ అతనే, ప్రాజెక్టుకు మోకాలడ్డినవాడూ అతనే. ఇంత వాడినా అరగని పేరు ఎలా కుదిరిందో చూస్తే ముచ్చటేస్తుంది.

సింధుదేశపు రాజు, దుస్సల భర్త, కౌరవుల ఇంటి అల్లుడు. అరణ్యంలో ద్రౌపదిని ఎత్తుకుపోతూ దొరికిపోయాడు. భీముడు తల గొరిగి అయిదు శిఖలు ఉంచాడు. ఆ అవమానంతో తపస్సు చేస్తే శివుడిచ్చిన వరం బహు చిన్నది: అర్జునుడు తప్ప మిగతా పాండవులను ఒక్కరోజు నిలువరించగలగడం. ఆ ఒక్కరోజూ కురుక్షేత్ర యుద్ధంలో 13వ రోజున అక్కరకొచ్చింది. అర్జునుడి కొడుకు అభిమన్యుడు పద్మవ్యూహంలోకి చొచ్చుకుపోయాడు, వెనకే రావలసిన నలుగురూ వాకిట్లో ఆగిపోయారు.

ఈ పేరులోని నేర్పంతా ఆ వాకిట్లోనే ఉంది. సైంధవుడు అభిమన్యుణ్ణి చంపలేదు, దారి మూశాడంతే. అందుకే ‘సైంధవుడిలా అడ్డుపడ్డాడు’ అన్న వాక్యం నిలబడాలంటే ముందుకు వెళ్ళినవాడొకడు, వాడికి చేరవలసిన సాయం, మధ్యలో అరువు బలంతో నిలుచున్నవాడు కావాలి. ‘బిల్లు మంజూరైంది, డబ్బు రాకుండా గుమాస్తా సైంధవుడిలా అడ్డుపడ్డాడు’ అంటే అతికినట్టుంటుంది. ఎన్నికల్లో నేరుగా ఓడించినవాణ్ణి సైంధవుడంటే పేరు వృథా. మన నాయకుల ఉపన్యాసాల్లో ఈ వృథా కాస్త ఎక్కువే.

ఇంట్లోనో పక్కనో ఉన్న శత్రువుకు వేరే మాటలున్నాయి. పక్కలో బల్లెం అంటే నిద్ర పట్టనివ్వని దగ్గరితనం. కొరకరాని కొయ్య అన్నప్పుడు నొప్పి కొరికేవాడి పళ్ళదే. కొయ్యకు ఏమీ పట్టదు. నాకు అన్నిటికన్నా ఇష్టం ‘ఏకు మేకైంది’. ఏకు వడకడానికి చుట్టిన మెత్తటి దూది, మేకు గోడలో దిగే ఇనుము. ముందు ఒక్క మకారం చేరింది, దూది ఇనుమైపోయింది. మనం చేరదీసినవాడే మనకు గుచ్చుకునేదాకా పట్టిన కాలమంతా ఆ ఒక్క హల్లులో ఇమిడింది. ‘పని నేర్పి పక్కన కూర్చోబెట్టుకుంటే ఏకు మేకై కూర్చున్నాడు’ అనే మేస్త్రీకి వివరణ అక్కర్లేదు.

కర్ణుడి రథం తోలుతూ అతణ్ణే నిరుత్సాహపరిచిన శల్యుడి సంగతి ఇంకోటి. అతను వాకిట్లో ఉండడు, మన రథం మీదే పగ్గాలు పట్టుకుని కూర్చుంటాడు. ‘మా వకీలు శల్యసారథ్యం చేశాడు’ అనవలసిన చోట సైంధవుణ్ణి తెచ్చిపెడితే కేసు ఎలా పోయిందో వినేవాడికి తెలియదు.