దేనిమీద ఏది నిలుస్తుంది?

బొమ్మలు గీయడం రానివాళ్లు వేసే బొమ్మలు కదండీ ఇవి, అని మొన్న, రంగులకి కాగితాలూ అవీ కలిపి నేను చేసే మిక్స్‌డ్ మీడియా బొమ్మలు చూసి, నాతోపాటు పనిచేసిన తెలుగు మాస్టారొకాయన అడిగేశారు. ఆయన్ని తప్పుపట్టి లాభం లేదు. మిక్స్‌డ్ మీడియా పేరుతో బజార్లో అమ్ముతున్న కిట్లు చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. ఒక ఎండీఎఫ్ చెక్క, గుప్పెడు గవ్వలు, నాలుగు అద్దం బిళ్లలు, బంగారు రంగు సీసా. అంటించి గోడకి తగిలిస్తే అయిపోయింది. పైగా పెన్షనర్లకి మంచి కాలక్షేపం అని సలహా ఒకటి. కాలక్షేపానికి పేకముక్కలున్నాయి, టీవీ ఉంది. దానికోసం ఒక గది, ఇంత ఖర్చు, పైన నడుంనొప్పి ఎందుకు?

హైస్కూల్లో ఫిజికల్ సైన్సు చెప్పి రిటైరయ్యాక నేను పట్టుకున్న పని ఇది. గీత నాకు అంత బాగా రాదు, నిజమే. కానీ ఇందులో మనిషి తేలిపోయేది మరోచోట: దేనిమీద ఏది నిలుస్తుంది, ఏది ఊడుతుంది అనే దగ్గర. ఆక్రిలిక్ మీద నూనెరంగు వేయొచ్చు. నూనెరంగు మీద ఆక్రిలిక్ వేస్తే కొన్నాళ్లకు పొరలుగా లేస్తుంది. మైనం క్రేయాన్ గీసిన చోట నీటిరంగు పట్టదు. కావాలంటే ఆ పట్టకపోవడాన్నే వాడుకోవచ్చు. న్యూస్‌ప్రింటులో లిగ్నిన్ ఉంటుంది కాబట్టి వెలుతురుకి పచ్చబడి పెళుసెక్కుతుంది. మైదా జిగురు సినిమా పోస్టరుకి చాలు, కాన్వాసు మీద మాత్రం బొద్దింకలకి విందే.

ఈ లెక్క మనవాళ్లకి కొత్తది కాదు. చేర్యాల పటాలు వేసే నకాషీలు ఖద్దరు గుడ్డకి గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పూతమీద పూత పట్టించి, ఆరాకే రంగు ముట్టుకుంటారు. నా బల్లమీదున్న జెస్సో, అంటే కాన్వాసుకి వేసే ముందుపూత, డబ్బాలోనూ దాదాపు అదే సరుకు: సుద్ద, తెల్లరంగు, ఆ రెంటినీ పట్టి ఉంచే ఆక్రిలిక్. శ్రీకాళహస్తి కలంకారీలో నలుపు పుట్టే తీరయితే అచ్చంగా కెమిస్ట్రీ. ఇనుపముక్కలు బెల్లం నీళ్లలో నానబెట్టి తీసిన ద్రవం, కరక్కాయ పట్టిన గుడ్డమీద పడగానే నల్లబడుతుంది. కరక్కాయలోని టానిన్‌కీ ఇనుముకీ కుదిరిన సంబంధం అది. గుడ్డకి గేదెపాలు పట్టించేది రంగు పాకకుండా. ఇవన్నీ తెలిసిన చేతుల్ని చేతివృత్తి అని ఒక మూలకి నెట్టి, 1912లో పికాసో కుర్చీ అల్లిక అచ్చువేసిన ఆయిల్‌క్లాత్ ముక్కని కాన్వాసుకి అంటించి చుట్టూ తాడు కట్టాడని ఆశ్చర్యపోతూ ఉంటాం. పికాసో చేసింది గొప్పదే. గుడ్డకి గంజిపెట్టినవాళ్లకీ అందులో వాటా ఉందంటున్నాను, అంతే.

వయసు సంగతికొస్తే నాకు ధైర్యమిచ్చిన మనిషి మేరీ డెలానీ. 1700లో పుట్టిన ఇంగ్లండు ఆవిడ. రెండో భర్త పోయాక, 72వ ఏట, ఎదురుగా ఉన్న ఎర్రకాగితం రంగూ జెరేనియం పువ్వు రంగూ ఒకటేనని గమనించి, కత్తెర తీసుకుని రేకలు కత్తిరించింది. అది మొదలు చూపు సహకరించినంతకాలం ఆపలేదు. నల్లకాగితం మీద సన్నసన్నటి రంగుకాగితం ముక్కలు, ఒకదానిమీద ఒకటి. ఒక్కో పువ్వులో వందలకొద్దీ ఉంటాయి. కొన్నిచోట్ల నిజం ఆకునే ఎండబెట్టి అంటించింది. చేసినవి వెయ్యికి కాస్త తక్కువ, ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. మొక్కను ముందుపెట్టుకుని కేసరాలు కూడా లెక్కతప్పకుండా కత్తిరించిన మనిషి ముందు కాలక్షేపం అన్న మాట ఎత్తగలమా?

మన రవీంద్రుడూ అరవై దాటాకే బొమ్మలని గట్టిగా పట్టుకున్నాడు. రాతప్రతుల్లో కొట్టివేతల్ని కలుపుకుంటూ మొదలైన బొమ్మలు 1930లో పారిస్‌లో ప్రదర్శనకెక్కాయి. అయితే మా రాజమండ్రిలో దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ కూడా ఉంది. 1897లో పుట్టి 1925లో, 28 ఏళ్లు నిండకుండానే పోయినవాడి గీత అది. చూసి వచ్చిన రోజు ఇంట్లో కుంచె ముట్టబుద్ధి కాదు. అలాగని వెళ్లడం మానకూడదు. మన మెతకపనిని మనమే మెచ్చుకునే రోగానికి అదొక్కటే మందు.

ఇక గది. మా అబ్బాయి ఉద్యోగానికి వెళ్లాక ఖాళీపడ్డ వెనకగది నాకొచ్చింది, ఒక షరతు మీద. "గది మీది, గుమ్మం ఇవతల నాది. చేతులు కడుక్కుని రండి" అంది మా ఆవిడ. అందుకని ముందు పెట్టించింది కుళాయి. కుంచెలు కడిగిన నీళ్లు మాత్రం కుళాయి కింద పొయ్యను. ఆక్రిలిక్ అంటే ప్లాస్టిక్కే కదా, బకెట్లో నిలవుంచి అడుగున పేరుకున్న మడ్డిని ఎండబెట్టి చెత్తలో వేస్తాను. స్టూడియో కిటికీ ఉత్తరానికి ఉండాలని పుస్తకాలు చెబుతాయి. అది లండన్, పారిస్‌ల మాట. రాజమండ్రి 17 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటివారం దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు మన నడినెత్తి దాటి ఉత్తరానికి వాలతాడు, పొద్దునా సాయంత్రం ఏటవాలు ఎండ ఆ కిటికీలోంచే లోపలికొస్తుంది. సజ్జా ఉంటే కొంత నయం. లేకపోతే కిటికీకి తెల్లపంచె కట్టుకోవాలి. మే నెలలో ఫ్యాను కింద రంగు పళ్లెంలోనే ఆరిపోతుంది కాబట్టి పని పొద్దున్నే. ముసురు పట్టిందంటే కాగితాలు బూజెక్కకుండా చూసుకోవడమే సగం పని.

ఈమధ్య నేను ఎక్కువగా చేస్తున్నది అచ్చుని కాన్వాసుకి ఎక్కించడం. పాత పంచాంగం పేజీని జిరాక్సు తీయించి, కాన్వాసు మీద ఆక్రిలిక్ మీడియం దట్టంగా రాసి, అచ్చువైపు కిందకి పెట్టి వేలితో గాలి పోయేలా ఒత్తుతాను. రాత్రంతా ఆరాక తడిగుడ్డ అద్ది, చూపుడువేలితో నెమ్మదిగా రుద్దితే కాగితం పిప్పిలా ఉండలు కట్టి లేచిపోతుంది, తిథులూ వర్జ్యాలూ మాత్రం మీడియంలో మిగులుతాయి. జిరాక్సు, లేజర్ ప్రింట్లతోనే ఇది కుదురుతుంది. వాటి టోనరు ప్లాస్టిక్ పొడి కాబట్టి పట్టుకుంటుంది. ఇంక్‌జెట్ సిరా చాలావరకు నీళ్లలో కరిగేది, అలుక్కుపోతుంది. అక్షరాలు తిరగబడతాయి కనుక ముందే అద్దంలో ప్రతిబింబంలా తిప్పి తీయించాలి. జిరాక్సు కుర్రాడికి నేను చెప్పక్కర్లేకపోయింది. "మిర్రర్ ప్రింటే కదండీ మాస్టారూ, టీషర్టుల వాళ్లూ అదే అడుగుతారు" అన్నాడు.

ఆదివారం పొద్దున తలుపు తీసి ఉంచుతాను. రంగుల ఖర్చు వంతులేసుకుంటాం. రైల్వేలో చేసినాయన పాతకాలం అట్ట టిక్కెట్లు తెచ్చుకుంటారు. జర్మనీలో కర్ట్ ష్విట్టర్స్ ట్రాము టిక్కెట్లతో చేసిన కొలాజ్‌లు చూపిస్తే, "మనకంటే ముందే వీడెవడండీ" అని నొచ్చుకున్నారు. ఎదురింటి పిన్నిగారు శుభలేఖలు తెస్తారు. వాటి మూలల పసుపు వెలుతురుకి వెలిసిపోతుంది, పసుపు రంగుకి నిలకడ లేదు. అందుకని ఆ మూలల మీద యెల్లో ఆకర్ అనే మట్టిరంగు పలచగా వేయమంటాను. నియమం ఒక్కటే. ఫొటోలు, ఉత్తరాలు, దస్తావేజులు అసలువి అంటించనివ్వను. తాతగారి దస్తావేజు అంటించేస్తే రేపు కోర్టుకి కాన్వాసు మోసుకెళ్లాలి.

మీ ఇంట్లోనూ ఒక గది ఖాళీపడి ఉంటే, అద్దెకిచ్చేముందు ఒక ఏడాది మీకే ఇచ్చుకోండి. ముందు కుళాయి, సజ్జా, గడియపడే తలుపు చూసుకోండి. రంగులు తర్వాత కొనొచ్చు. పాతబట్టలు ఒక జత వేరే పెట్టుకోండి, ఆరిన ఆక్రిలిక్ ఏ సబ్బుకీ వదలదు.