పేరుకు పెద్దలు

ఐర్లాండ్‌లో ప్రధానమంత్రిని టీషక్ అంటారు. ఐరిష్ భాషలో ఆ మాటకు పెద్ద, నాయకుడు అని అర్థం. ఉపప్రధాని పేరు టానిష్టె. పూర్వం అక్కడ వంశపెద్ద బతికుండగానే, అతని తర్వాత ఎవరు పెద్ద కావాలో వంశంలోనివాళ్లు ఎంచుకునేవాళ్లు. అలా ఎంచుకున్నవాడే టానిష్టె. 1937లో రాజ్యాంగం రాసుకున్నప్పుడు ఆ దేశం ఈ పాత మాటల్ని ఓట్లతో వచ్చి ఓట్లతో దిగిపోయేవాళ్లకు ఇచ్చింది. మరి పాత వంశాలకు ఏం మిగిలింది? ఒకే ఇంటిపేరు ఉన్నవాళ్లు సంఘాలు పెట్టుకున్నారు. అమెరికాకు, ఆస్ట్రేలియాకు వలసపోయినవాళ్ల మనవలు, మునిమనవలు కూడా వాటిలో చేరారు. ఈ సంఘాలన్నిటికీ కలిపి 1989లో క్లాన్స్ ఆఫ్ ఐర్లాండ్ అనే సంస్థ ఏర్పడింది. చాలా సంఘాలకు ఒక గౌరవ పెద్ద ఉంటాడు. వంశమంతా కలిసే సభలో ముందు కుర్చీ ఆయనది. ఆయన చెప్పే తీర్పు లేదు, పంచే భూమి లేదు. ఆయన మాట వినకపోతే అయ్యేదీ లేదు.

ఈ సంగతులు నాకు మొదట తెలిసింది ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల వల్ల. చదువుతుంటే మాత్రం నా మనసు అక్కడికి కూతవేటు దూరంలో ఉన్న నాంపల్లి మీదికి పోయింది.

పబ్లిక్ గార్డెన్స్ చుట్టుపక్కల ఆడిటోరియంలలో మన ఆదివాసీ సంఘాల సభలు జరుగుతుంటాయి. ఆగస్టు 9 దగ్గరపడితే చెప్పనక్కరలేదు. మన పిల్లలు రాత్రంతా బస్సుల్లో కూర్చుని వస్తారు. నెమలి ఈకల టోపీలు పెట్టుకుని మెట్ల దగ్గర గుస్సాడీ ఆడతారు. దీపావళికి దండారీలో నియమంతో ఆడే ఆట ఆగస్టులో అతిథులకు స్వాగతం ఎందుకయిందో వేరే వ్యాసం రాయాలి. లోపల వేదిక మీద పదిహేను కుర్చీలు. గౌరవాధ్యక్షులు, గౌరవ సలహాదారులు, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి. ఒక్కొక్కరికీ శాలువా, మెమెంటో, రెండు ఫొటోలు. ఊరి పట్లా మూడో వరుసలో కూర్చుని ఉంటాడు. ఆయన చేతికి మైకు వచ్చేసరికి హాలు టైం అయిపోతుంది.

ఎవరి మీదో కోపంతో ఈ మాట రాయడం లేదు. ఆ కుర్చీల్లో కూర్చునేవాళ్లలో మనకోసం ఫైళ్లు కదిలించినవాళ్లు, చదువుకునే పిల్లలకు ఫీజులు కట్టినవాళ్లు ఉన్నారు. నా విమర్శ ఆ కుర్చీ మీద. పెద్ద అన్న మాట ముందు 'గౌరవ' అని చేర్చగానే పెద్దరికంలోంచి ఏం జారిపోతుందో చూడాలి. అందుకు ఐర్లాండ్ చరిత్ర బాగా పనికొస్తుంది.

పాత ఐర్లాండ్‌లో పెద్ద కొడుకే పెద్ద కావాలన్న నియమం లేదు. ఒకే ముత్తాత సంతతిలోని మగవాళ్లలో గట్టివాడిని, నలుగురూ ఒప్పినవాడిని ఎంచుకునేవాళ్లు. ఓనీల్ వంశంవాళ్లు తమ పెద్దను టల్లహోగ్ అనే గుట్ట మీద ఒక రాతి కుర్చీలో కూర్చోబెట్టి అందరి ఎదుట ప్రకటించేవాళ్లు. నేల వంశానిది. పెద్ద దాన్ని తనదని రాసుకోవడానికి లేదు. ఈ పద్ధతిలో కొట్లాటలు లేవని కాదు. ఎన్నిక దగ్గర అన్నదమ్ముల మధ్య కత్తులు లేచిన సందర్భాలు చాలా ఉన్నాయి. ఆడవాళ్లకైతే వంతే లేదు. దాన్ని స్వర్ణయుగం చేసి చెప్పడం నా ఉద్దేశం కాదు.

1541లో ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ ఐర్లాండ్‌కు కూడా తానే రాజునని ప్రకటించుకున్నాడు. తర్వాత వాళ్లు యుద్ధం కంటే చవకైన ఉపాయం పట్టుకున్నారు. పెద్దలారా, మీ భూములు మాకు అప్పగించండి, వాటినే మీకు పట్టా చేసి తిరిగి ఇస్తాం, పైన ఒక బిరుదు కూడా ఇస్తాం అన్నారు. 1542లో కాన్ ఓనీల్ ఇంగ్లండు పోయి టైరోన్ ఎర్ల్ అనే బిరుదుతో తిరిగొచ్చాడు. నిన్నటిదాకా వంశానిదైన నేల కాగితం మీద ఒక్క మనిషిది అయింది. అతని తర్వాత అతని కొడుకుది. ఆ నేల మీద తరాలుగా బతికినవాళ్లు కౌలుదార్ల లెక్కలోకి వచ్చారు. 1602లో మౌంట్‌జాయ్ అనే ఇంగ్లీషు సేనాని టల్లహోగ్ రాతి కుర్చీని పగలగొట్టించాడు. 1607లో కాన్ మనవడు హ్యూ ఓనీల్ మరికొందరు పెద్దలతో కలిసి ఓడెక్కి దేశం విడిచాడు. ఆ వెంటనే వాళ్ల భూములను ఇంగ్లండు, స్కాట్లండు నుంచి తెచ్చినవాళ్లకు పంచడం మొదలుపెట్టారు.

రాయి పగిలిన ఏడాదిని చరిత్ర పుస్తకాలు గుర్తుపెట్టుకుంటాయి. కాని అసలు పని అరవై ఏళ్ల ముందే అయిపోయింది. పెద్ద మెడలో బిరుదు పడిన రోజే ఆయన తన వంశానికి జవాబు చెప్పాల్సిన అవసరం పోయింది. ఆయన చూపు బిరుదు ఇచ్చినవాడి వైపు తిరిగింది.

మన తూర్పు ఏజెన్సీ ముఠాదారుల కథ దీనికి దగ్గర చుట్టం. ముఠా అంటే కొన్ని ఊళ్ల గుంపు. ముఠాదారు శిస్తు వసూలు చేసి సర్కారుకు కట్టాలి, ఊళ్ల మీద పెత్తనం చేయాలి. ఇటు జనానికి దొర, అటు సర్కారుకు పనివాడు. ఈ రెండు పడవల మీద కాళ్లు నిలవక తిరగబడ్డ దొరలున్నారు. 1879 రంప తిరుగుబాటులో ముఠాదారులు కదిలారు. 1922లో అల్లూరి సీతారామరాజు వెంట గాం గంటందొర, గాం మల్లుదొర నడిచారు. జనంచేత వెట్టి చేయించుకున్న దొరలూ అదే వ్యవస్థలో ఉన్నారు. 1969లో ముఠాలను రద్దు చేస్తూ రెగ్యులేషన్ వచ్చింది. అది రావాల్సిందే. పెత్తనం పోయి, పిలుపు మిగిలింది. మా గోండుల వైపు చూస్తే చాందా రాజ్యం 1751లో నాగపూర్ భోంస్లేల చేతిలోకి పోయింది. ఉట్నూరులో కోట మిగిలింది. రాజు అన్న పిలుపు కొన్ని ఇళ్లకు ఇంకా ఉంది. రాజుకు దండం పెడతాం. తగువు వస్తే మాత్రం పట్లా దగ్గరికే పోతాం.

మళ్లీ ఐర్లాండ్‌కు వస్తాను, ఎందుకంటే తర్వాతి మలుపు మనకు ఇంకా ముఖ్యం. స్వాతంత్ర్యం వచ్చాక, 1940లలో, అక్కడి ప్రభుత్వ వంశావళి కార్యాలయం పాత వంశపెద్దల వారసులను వెతికి గుర్తించడం మొదలుపెట్టింది. మర్యాదకోసం ఇచ్చే గుర్తింపే, అధికారాలేమీ లేవు. అయితే వారసుణ్ణి తేల్చడానికి వాళ్లు పెట్టుకున్న కొలత ఏమిటి? తండ్రి తర్వాత పెద్ద కొడుకు వరస. అంటే ఎంచుకునే పద్ధతిని చంపిన కొలతతోనే ఆ పద్ధతిలో పుట్టిన పెద్దను వెతికారు! అప్పటినుంచి వంశపెద్ద కావాలంటే వంశం ఒప్పుకోవడం కంటే కాగితం చూపడం ముఖ్యమైంది. కాగితం అన్నాక దొంగ కాగితం పుట్టకుండా ఉంటుందా? మకార్తీ వంశానికి పెద్దగా గుర్తింపు పొందిన ఒకాయన వంశావళి కల్పితమని 1999లో తేలింది. అప్పటికే ఆయన బిరుదులను డబ్బుకు అమ్మి ఉన్నాడు. చివరికి 2003లో, ఈ గుర్తింపుకు చట్టంలో ఆధారం లేదని ప్రభుత్వం దాన్ని పూర్తిగా మానేసింది. ఇప్పుడు అక్కడి సంఘాలు తమ గౌరవ పెద్దలను తామే చూసుకుంటున్నాయి. కొన్ని సంఘాలు కొంతకాలానికని ఎన్నుకుంటాయి. ఆడవాళ్లను ఎన్నుకున్నవీ ఉన్నాయి. అది మంచి మార్పు.

హైదరాబాదుకు బిరుదులు కొత్త కాదు. నాంపల్లి పేరు కుతుబ్‌షాహీల కాలపు నేక్‌నాం ఖాన్ నుంచి వచ్చిందంటారు. నేక్‌నాం అంటే మంచి పేరు అని అర్థం, అదీ బిరుదే. ఆబిడ్స్ పేరు మాత్రం ఆరో నిజాం దగ్గర కొలువు చేసి, అక్కడ దుకాణం నడిపిన ఆబిద్ అనే ఆర్మీనియన్‌ది. ఒక పేటకు బిరుదు పేరు, పక్క పేటకు దుకాణదారు పేరు. జనం రెంటినీ ఒకేలా పలుకుతున్నారు.

అదే ఆబిడ్స్‌లో 1918లో రెడ్డి హాస్టల్ పెట్టారు. దాని వెనక నిలబడిన వెంకటరామారెడ్డి హైదరాబాద్ కొత్వాలుగా చేసినవాడు. రాజా బహద్దూర్ అన్నది నిజాం ఇచ్చిన బిరుదు. సురవరం ప్రతాపరెడ్డి ఆ హాస్టల్‌కు కార్యదర్శిగా పనిచేశాడు. ఆయనే 1926లో గోలకొండ పత్రిక తెచ్చాడు. ఒక కులం తన పిల్లలకోసం చేసుకున్న పని అది, దాని హద్దులు దానికున్నాయి. అయినా నేను మన యువకులకు దాన్ని చూపిస్తాను. బిరుదున్న మనిషి పలుకుబడి పిల్లల అన్నానికి, గదికి, పుస్తకానికి ఉపయోగపడింది. పక్కన లెక్కలు రాసి, ఉత్తరాలు రాసి, పిల్లలను కనిపెట్టుకునే కార్యదర్శి ఉన్నాడు. మన సంఘాల్లో గౌరవాధ్యక్షులు ఎనిమిది మంది దొరుకుతారు. అలాంటి కార్యదర్శి ఒక్కడు దొరకడం కష్టంగా ఉంది.

పనితో కూడిన పెద్దరికం ఎలా ఉంటుందో చూడాలంటే కేస్లాపూర్ పోవాలి. నేను మెస్రం వంశానికి బయటివాణ్ణి, అయినా ఏటా చూస్తున్నాను. పుష్యమాసం అమావాస్యకు నాగోబా పూజ. అంతకుముందే మెస్రం వంశంవాళ్లు కాలినడకన జన్నారం దగ్గర గోదావరి హస్తినమడుగుకు పోయి నీళ్లు తెస్తారు. పోను రాను రోజుల తరబడి నడక, అదీ చెప్పులు లేకుండా. పట్లా, కటోడ, పర్ధాన్, ఎవరి పని వారిదే. ఒకరి పనిలోకి ఇంకొకరు పోరు. నడవలేనివాడు ఆ పని ఇంకొకరికి వదలాల్సిందే. వంశంలోకి వచ్చిన కొత్త కోడళ్లను పెద్దల ముందు, దేవుడి ముందు భేటీ చేయిస్తారు. అప్పుడే వాళ్లు వంశంలో మనుషులు. వంశంవాళ్లు తమలో తాము చందాలు వేసుకుని రాతిగుడి కూడా కట్టుకున్నారు. 2022లో దాన్ని తెరిచారు.

జాతరలో దర్బారు మాత్రం తర్వాత చేరింది. 1940లో కుమ్రం భీం జోడేఘాట్‌లో నేలకొరిగాక, నిజాం ప్రభుత్వం మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను మా ప్రాంతానికి పంపింది. గోండు టీచర్లను తయారుచేసే కేంద్రం 1943లో మార్లవాయిలో మొదలైంది ఆయన చొరవతోనే. టీచరు ట్రైనింగ్ చేసినవాణ్ణి కనుక ఆ ఊరి పేరు చెప్పకుండా ఉండలేను. జాతరకు జనమంతా వస్తారు కనుక అధికారులు అక్కడికే వచ్చి కష్టాలు వినాలని దర్బారు పెట్టించింది కూడా ఆయనే. అధికారి రావాలి, కింద కూర్చున్నవాడు మాట్లాడాలి, పైనున్నవాడు వినాలి. ఇదీ దాని ఏర్పాటు. ఇప్పుడు దర్బారులో ఎవరు ఎంతసేపు మాట్లాడుతున్నారో గడియారం పెట్టి చూడండి. నాంపల్లి ఆడిటోరియం మెల్లగా కేస్లాపూర్ మర్రిచెట్ల కిందికి వస్తోంది.

ఇక్కడే ఐర్లాండ్‌కూ మనకూ తేడా ఉంది. అక్కడ గౌరవ పెద్దవల్ల ఎవరికీ నష్టం లేదు. ఆయన సంతకంతో పోయే నేల నాలుగు వందల ఏళ్ల కిందటే పోయింది. మన నేల ఇంకా ఉంది. 1/70 ఉంది. 1996 పెసా చట్టం, 2006 అటవీ హక్కుల చట్టం ఉన్నాయి. వాటి ప్రకారం మాట చెప్పాల్సింది గ్రామసభ. కాని ఆఫీసుల్లో అడిగే మొదటి ప్రశ్న వేరు: మీ లీడర్ ఎవరు? ఆ ప్రశ్నకు జవాబుగా లెటర్‌హెడ్ ఉన్నవాడు ముందుకు వస్తాడు. మా మండలంలో ఒక ఊరి భూమి సంగతి ఒక సంఘం గౌరవాధ్యక్షుడు హైదరాబాద్‌లో మాట్లాడి వచ్చాడు. ఊరివాళ్లకు అది పేపర్లో ఫొటో చూశాకే తెలిసింది. ఆయన చెడ్డవాడేం కాదు. ఊరు పంపితే పోలేదు కనుక ఊరికి వచ్చి చెప్పాలన్న ఆలోచనే ఆయనకు రాలేదు. పట్లా అయితే పొద్దున్నే బావి దగ్గర దొరికేవాడు, అడిగేవాళ్లు.

వచ్చే సభ కరపత్రం తప్పులు దిద్దమని మొన్న నా దగ్గరికి పంపారు. తెలుగు టీచరును కదా. గౌరవాధ్యక్షులు తొమ్మిది మంది, ఫొటోలతో. కింద చిన్న అక్షరాల్లో 'మరియు గ్రామ పట్లాలు, కటోడలు' అని ఉంది, పేర్లు లేవు. అక్షరదోషాలు నాలుగు దిద్దాను. ఆ కింది వరుస దగ్గర ఖాళీ గీతలు పన్నెండు గీసి, మా పన్నెండు ఊళ్ల పేర్లు రాసి, పట్లాల పేర్లు ఎవరికైనా తెలిస్తే నింపమని తిరిగి పంపాను. ఇంతవరకు ఏడు పేర్లు వచ్చాయి.